తెరచాప పడవపై మహాసముద్రయానం: దైనందిన జీవనం

తెరచాప పడవలో మహాసముద్రాన్ని దాటడమంటే వారాల తరబడి నేల కనిపించని నీళ్లలో గాలినే నమ్ముకుని సాగడం. ఇలాంటి యాత్రల్లో బయటి ప్రపంచానికి తెలిసేవి తుఫానులు, పెద్ద అలలు, గమ్యం చేరిన రోజు దక్కే స్వాగతం. ప్రయాణంలో ఎక్కువ భాగం మాత్రం కాపలా, నిద్ర, వంట, మరమ్మతు, లాగ్‌బుక్ రాత వంటి చిన్న పనులతోనే గడుస్తుంది. ఆ పనులు వేళకు జరుగుతున్నంత కాలమే పడవ క్షేమంగా ఉంటుంది. తెలుగువారి వరకు ఈ జీవితానికి బాగా దగ్గరి ఉదాహరణ భారత నౌకాదళానికి చెందిన ‘తారిణి’ పడవ 2017-18లో చేసిన భూప్రదక్షిణ. ఆరుగురు మహిళా అధికారుల ఆ బృందంలో ఇద్దరు తెలుగువారు: విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య.

నేపథ్యం

తెలుగు తీరానికి తెరచాప కొత్త కాదు. శాతవాహన చక్రవర్తి యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ఓడ వర్తకుల కష్టాన్ని నేరుగా ప్రస్తావిస్తుంది. తుఫానుకు కొట్టుకువచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారనీ, తాను మాత్రం కూపశుల్కం అనే నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోననీ ఆయన అందులో మాట ఇచ్చాడు. 18, 19 శతాబ్దాల్లో గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి ఓడల నిర్మాణానికి, మరమ్మతుకు పేరుపొందిన రేవు. 1839 నాటి తుఫాను దాన్ని దారుణంగా దెబ్బతీసింది. ఆవిరి ఓడలు వచ్చాక తెరచాప మీద దూరదేశాలకు వెళ్లే వృత్తి క్రమంగా కనుమరుగైంది.

ఆ విద్యను ఇటీవలి కాలంలో తిరిగి నిలబెట్టింది నౌకాదళం. గోవాలో తయారై 2009లో నౌకాదళంలో చేరిన ‘మహదేయి’ పడవపై దిలీప్ దోందే 2009-10లో ఒంటరిగా భూప్రదక్షిణ చేసిన తొలి భారతీయుడయ్యారు. అదే పడవపై అభిలాష్ టామీ 2012-13లో ఎక్కడా ఆగకుండా, ఒంటరిగా భూమిని చుట్టివచ్చారు. ఆ తర్వాత మహిళా బృందానికి శిక్షణ మొదలైంది. మహదేయిపై మారిషస్, కేప్‌టౌన్ వరకు చేసిన ప్రయాణాలు అందులో భాగం.

తారిణి యాత్ర

‘నావికా సాగర్ పరిక్రమ’ పేరుతో ఈ యాత్ర 2017 సెప్టెంబర్ 10న గోవాలో మొదలైంది. వర్తికా జోషి సారథ్యంలో ప్రతిభా జామ్వాల్, స్వాతి, విజయాదేవి, ఐశ్వర్య, పాయల్ గుప్తా బయలుదేరారు. ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లోని లిటిల్‌టన్, ఫాక్‌లాండ్ దీవుల్లోని పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ ముందుగా అనుకున్న మజిలీలు. చుక్కాని యంత్రాంగంలో లోపం రావడంతో 2018 ఏప్రిల్‌లో మారిషస్‌లోనూ ఆగాల్సి వచ్చింది. 2018 మే 21న పడవ గోవా చేరింది. మొత్తం 254 రోజుల్లో సుమారు 21,600 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 40,000 కిలోమీటర్లు ప్రయాణించింది. ఈ 254 రోజుల్లో ముప్పావు వంతుకు పైగా నీటి మీదే గడిచాయి. బృందానికి నారీశక్తి పురస్కారం, టెన్సింగ్ నార్గే జాతీయ సాహస పురస్కారం లభించాయి.

తెరచాపతో చేసే భూప్రదక్షిణకు కొన్ని నియమాలున్నాయి. బయలుదేరిన రేవుకే తిరిగి రావాలి, అన్ని రేఖాంశాలనూ దాటాలి, భూమధ్యరేఖను దాటాలి, కనీసం 21,600 నాటికల్ మైళ్లు ప్రయాణించాలి. ఆస్ట్రేలియా దిగువన లీవిన్, దక్షిణ అమెరికా కొసన హార్న్, ఆఫ్రికా దిగువన గుడ్‌హోప్ అగ్రాలకు దక్షిణంగా వెళ్లడం ఈ మార్గానికి గుర్తు. తారిణి వీటన్నిటినీ నెరవేర్చింది.

పడవ

తారిణి గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డ్‌లో తయారై 2017 ఫిబ్రవరి 18న నౌకాదళంలో చేరింది. పొడవు 56 అడుగులు, వెడల్పు సుమారు 5 మీటర్లు, తెరచాప స్తంభం ఎత్తు 25 మీటర్లు. కొయ్య, ఫైబర్‌గ్లాస్ పొరలను కలిపి పడవ గుల్లను (హల్) తయారు చేశారు. పడవ అడుగున ఉండే బరువైన కీల్ గాలి ఒత్తిడికి ఒరిగిన పడవను మళ్లీ నిటారుగా నిలబెడుతుంది. రేవుల్లో మసలడానికి, బ్యాటరీలు నింపడానికి డీజిల్ ఇంజిన్ ఉంటుంది. సముద్రంలో నడిపించేది మాత్రం గాలే.

లోపలి చోటు ఒక చిన్న ఇంటి వైశాల్యం కన్నా తక్కువ. పడక అరలు, వంట చోటు, పటాలు పరిచే బల్ల, రేడియో, మరుగుదొడ్డి, తెరచాపల నిల్వ, ఆహారం, పనిముట్లు అన్నీ అందులోనే ఇమడాలి. పడవ రోజుల తరబడి ఒకే పక్కకు వాలి నడుస్తుంది కాబట్టి ప్రతి అరకూ గొళ్లెం, బల్లలకు ఎత్తైన అంచులు, నడిచే దారిలో పట్టుకోవడానికి కమ్మీలు ఉంటాయి. ఏ వస్తువు ఎక్కడ ఉందో చీకట్లో తడిమి తీసేంతగా అందరికీ తెలిసి ఉండాలి. తీసిన వస్తువును మళ్లీ అదే చోట పెట్టడం ఇలాంటి పడవల్లో కొత్తవారు నేర్చే తొలి పాఠం.

కాపలా, నిద్ర

పడవకు రాత్రి విశ్రాంతి లేదు. లోతైన సముద్రంలో లంగరు వేసి పడుకోవడం కుదరదు. అందుకే రోజును వాచ్‌లుగా విభజిస్తారు. ఆరుగురున్న పడవలో సాధారణంగా ఇద్దరిద్దరు చొప్పున మూడు జట్లు చేసి, నాలుగు గంటలు కాపలా, ఎనిమిది గంటలు విరామం ఇస్తారు. రోజూ ఒకే జట్టుకు నడిరాత్రి కాపలా పడకుండా సాయంత్రం 4 నుంచి 8 వరకు ఉన్న వాచ్‌ను రెండు గంటల చొప్పున రెండుగా విడగొడతారు. అప్పుడు రోజుకు ఏడు వాచ్‌లై వంతులు వాటంతట అవే మారుతుంటాయి. ఇది నౌకాదళాల్లో పాతకాలం నుంచి ఉన్న పద్ధతి.

కాపలాలో ఉన్నవారు చుక్కాని పట్టాలి లేదా ఆటోపైలట్‌ను కనిపెట్టాలి. చుట్టూ ఓడల దీపాలు, ముందున్న నల్లమబ్బులు, గాలి దిశలో మార్పు, తెరచాపల బిగువు, తాళ్ల ఒరిపిడి గమనిస్తూ ఉండాలి. గంట గంటకూ పడవ ఉన్న చోటు, వేగం, దిశ, గాలి, వాయుపీడనం లాగ్‌బుక్‌లో రాయాలి. తారిణి బృందం దారి పొడవునా సేకరించిన వాతావరణ, సముద్ర వివరాలను భారత వాతావరణ శాఖకు అందించింది, సముద్రంలోని కాలుష్యాన్నీ నమోదు చేసింది.

ఎనిమిది గంటల విరామమంతా నిద్రకు దక్కదు. వంట, శుభ్రం, మరమ్మతు అందులోనే జరగాలి. గాలి పెరిగి తెరచాప కుదించాల్సి వస్తే పడుకున్నవారిని కూడా లేపుతారు. అందువల్ల నిద్ర రెండు మూడు ముక్కలుగా పడుతుంది. పడవ ఒరిగినప్పుడు దొర్లిపోకుండా పడకకు పక్కగా గట్టి గుడ్డను కడతారు. వంతు మారేటప్పుడు వచ్చేవారు పది నిమిషాలు ముందే లేచి, తడి నుంచి కాపాడే దుస్తులు తొడుక్కుని, జరిగిందంతా విని బాధ్యత తీసుకోవాలి. ఒకరు ఆలస్యం చేస్తే ఇంకొకరి నిద్ర పోతుంది. చిన్న పడవలో మనస్పర్థలకు ఇదే ఎక్కువగా దారి తీస్తుంది.

వంట, భోజనం

వంట పొయ్యిని రెండు వైపులా ఇరుసుల మీద వేలాడదీస్తారు. పడవ ఎంత ఒరిగినా పొయ్యి సమతలంగా నిలుస్తుంది. గిన్నెలు జారకుండా కమ్మీలు బిగిస్తారు. వంట చేసేవారు నడుముకు పట్టీ కట్టుకుని నిలబడతారు. కుక్కర్ మూత గట్టిగా బిగుసుకుంటుంది కాబట్టి అన్నం, పప్పు, కిచిడీ వండటానికి అదే సురక్షితం. వేడి నీళ్లు, మరిగే నూనె ఒలికి కాలిన గాయాలు కావడం పడవల్లో తరచుగా జరిగే ప్రమాదం. అందుకే గాలి ఎక్కువైన రోజున వేపుళ్ల జోలికి పోరు.

రేవు విడిచిన తొలి వారంలో ఆకుకూరలు, పండ్లు అయిపోతాయి. క్యాబేజీ, బంగాళాదుంప, ఉల్లి, వెల్లుల్లి, గుమ్మడి వారాల పాటు నిలుస్తాయి. ఆ తర్వాత బియ్యం, పప్పులు, రవ్వ, అటుకులు, ఎండబెట్టిన కూరలు, డబ్బా ఆహారం ఆధారం. వేడినీళ్లు పోస్తే సిద్ధమయ్యే సైనిక ఆహారాన్ని మైసూరులోని రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల చాలాకాలంగా రూపొందిస్తోంది. తుఫాను రోజుల్లో ఇలాంటి పొట్లాలే ఆకలి తీరుస్తాయి.

తెలుగింటి నిల్వ వంటకాలు ఈ జీవితానికి బాగా పనికొస్తాయి. కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ, చింతపండు, ఒడియాలు, సున్నుండలు ఫ్రిజ్ లేకుండా వారాల తరబడి చెడకుండా ఉంటాయి. పెసలు, సెనగలు మొలకెత్తిస్తే నడిసముద్రంలోనూ తాజా ఆహారం దొరుకుతుంది. మొలకల్లో ఉండే విటమిన్ సి లోపించడం వల్లే పూర్వం నావికులు స్కర్వీ వ్యాధితో పెద్ద సంఖ్యలో చనిపోయారు. పుల్లని పండ్లు ఆ జబ్బును నయం చేస్తాయని బ్రిటిష్ నౌకా వైద్యుడు జేమ్స్ లిండ్ 1747లో ప్రయోగం చేసి చూపాడు.

నీరు, శుభ్రత, కరెంటు

చుట్టూ నీరున్నా తాగే నీటికి లెక్క ఉంటుంది. మనిషికి రోజుకు రెండు మూడు లీటర్లు తాగడానికి, మరికొంత వంటకు కావాలి. రివర్స్ ఆస్మాసిస్ యంత్రం సముద్రపు నీటిని గట్టి ఒత్తిడితో సన్నని పొర గుండా తోసి ఉప్పును వేరు చేస్తుంది. అది చెడిపోతే ట్యాంకుల్లో ఉన్న నీరు, తెరచాప మీద పడి జారే వాననీరే దిక్కు. గిన్నెలు, బట్టలు, స్నానం సముద్రపు నీటితో కానిచ్చి, చివర చెంబెడు మంచినీటితో కడుగుతారు. ఉప్పు మిగిలితే బట్ట ఎప్పటికీ ఆరదు. అది గాలిలోని తేమను పీలుస్తూనే ఉంటుంది. ఒంటి మీద మిగిలితే దద్దుర్లు, పుండ్లు వస్తాయి. అందుకే చలిలోనైనా ఒళ్లు తుడుచుకోవడం మానకూడదు.

దీపాలు, రేడియో, ఉపగ్రహ ఫోన్, ఆటోపైలట్, నీటి యంత్రం అన్నీ బ్యాటరీల మీదే నడుస్తాయి. కాబట్టి బ్యాటరీ వోల్టేజి చూడటం, జనరేటర్‌ను వేళకు నడపడం రోజువారీ పనుల్లో ఒకటి. కరెంటు తగ్గినప్పుడు ముందు ఆగేవి సౌకర్యాలు, చివరిదాకా ఉంచేవి రేడియో, దిక్కు చూపే పరికరాలు, రాత్రి దీపాలు.

దిక్కు, చోటు, కాలం

పడవ ఉన్న చోటును నేడు ఉపగ్రహాలు చెబుతాయి. అయినా కాగితపు పటం మీద గుర్తు పెట్టడం, దిక్సూచి చూసి నడపడం ఇప్పటికీ నేర్పుతారు. పరికరాలు చెడిపోయినప్పుడు అవే దారి చూపుతాయి. దిక్సూచి చూపే ఉత్తరానికి, అసలు ఉత్తరానికి మధ్య తేడా చోటును బట్టి మారుతుంది. హైదరాబాద్‌లో ఈ తేడా చాలా తక్కువ. దక్షిణ హిందూ మహాసముద్రంలో కొన్ని చోట్ల అది పదుల డిగ్రీలు ఉంటుంది.

ఈ లెక్కల్లో హైదరాబాద్‌లోని మౌలాలి పొరుగునే ఉన్న ఉప్పల్ రోడ్డు పరిసరాలకు పాత్ర ఉంది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఇక్కడ అయస్కాంత పరిశీలనాలయాన్ని నడుపుతోంది. అది ఇంటర్‌మ్యాగ్నెట్ అనే అంతర్జాతీయ వ్యవస్థలో భాగం. భూమి అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పులను ఇలాంటి కేంద్రాలు నమోదు చేస్తేనే దిక్సూచి సవరణ పట్టికలు సరిగ్గా ఉంటాయి. ఆ సంస్థ ఆవరణలోనే ఉపగ్రహ సంకేతాలను ఎడతెగకుండా అందుకునే అంతర్జాతీయ కేంద్రం కూడా ఒకటి ఉంది. ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ పటాల తయారీ, భూమి కొలతలు నేర్పుతోంది. నగరం మరో కొసన ప్రగతినగర్‌లో ఉన్న, 1999లో ఏర్పడిన సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ సముద్ర స్థితి సూచనలు, చేపలవేటకు సమాచారం, సునామీ హెచ్చరికలు అందిస్తోంది. తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో, దక్కన్ పీఠభూమి మీద ఉన్న ఈ నగరంలో సముద్రానికి పనికొచ్చే విజ్ఞానం ఇంత ఉందన్న సంగతి ఇక్కడి విద్యార్థుల్లో చాలామందికి చేరాల్సి ఉంది.

తూర్పుకు సాగే పడవలో గడియారాన్ని ప్రతి 15 డిగ్రీల రేఖాంశానికి ఒక గంట ముందుకు తిప్పాలి. పసిఫిక్‌లో అంతర్జాతీయ దినరేఖ దాటినప్పుడు ఒకే తేదీ రెండుసార్లు వస్తుంది. తేదీలు గజిబిజి కాకుండా లాగ్‌బుక్‌ను ఒకే ప్రామాణిక కాలంలో రాస్తారు. భోజనాలు, వాచ్‌లు మాత్రం సూర్యుణ్ని బట్టి జరుగుతాయి.

గాలి, తుఫాను

దక్షిణార్ధగోళంలో 40 డిగ్రీల అక్షాంశం దిగువన పడమటి గాలులు అడ్డుకునే నేల లేక భూమి చుట్టూ వీస్తాయి. ‘గర్జించే నలభైలు’గా పేరుపడిన ఈ గాలులే తెరచాప పడవలకు వేగం ఇచ్చేవి, ప్రమాదం తెచ్చేవి కూడా. లిటిల్‌టన్ నుంచి పోర్ట్ స్టాన్లీ వరకు పసిఫిక్ దాటే మజిలీ తారిణి యాత్రలో అతి కష్టమైనది. 60 నాట్ల గాలి, 7 మీటర్ల అలలు బృందం ఎదుర్కొంది. 60 నాట్లంటే గంటకు 111 కిలోమీటర్లు. 2018 జనవరిలో పడవ హార్న్ అగ్రాన్ని దాటింది.

ఇలాంటి గాలిలో చేసే పని ముందుగానే మొదలవుతుంది. వాయుపీడనం పడిపోతుండగానే పెద్ద తెరచాపను కుదించాలి, ముందు తెరచాపను చిన్నదిగా మార్చాలి, లోపలి వస్తువులన్నీ కట్టేయాలి, తినడానికి ఏదో ఒకటి చేతికందేలా పెట్టుకోవాలి. తెరచాప కుదించాలా అన్న ఆలోచన వచ్చిన వెంటనే కుదించాలని అనుభవజ్ఞులు చెబుతారు. ఆలస్యం చేస్తే అదే పనికి రెట్టింపు బలం కావాలి. పడవ అలవైపు పక్కకు తిరగకుండా చుక్కాని పట్టడం చేతులు తిమ్మిరెక్కే పని. అందుకే చలిలో చుక్కాని దగ్గర ఉండే సమయాన్ని తగ్గించి వంతులు త్వరగా మారుస్తారు.

ఆరోగ్యం, భద్రత

తొలి రెండు మూడు రోజులు చాలామందికి సముద్రపు వికారం ఉంటుంది. కన్ను చూసేదీ లోపలి చెవి గ్రహించేదీ పొసగకపోవడమే దీనికి కారణం. దిగంతాన్ని చూడటం, అల్లం, కొద్ది కొద్దిగా తినడం, నీళ్లు మానకపోవడం ఉపశమనం ఇస్తాయి. వాంతులవుతున్నవారు కూడా తేలికపాటి పని చేస్తే త్వరగా కోలుకుంటారు. దక్షిణ సముద్రంలో తడి, చలి కలిసి శరీర ఉష్ణోగ్రతను ప్రమాదకరంగా తగ్గించగలవు. ఆసుపత్రి రోజుల దూరంలో ఉంటుంది కాబట్టి కుట్లు వేయడం, ఎముక విరిగితే కట్టడం, ఉపగ్రహ ఫోన్‌లో వైద్యుడు చెప్పినట్టు మందు ఇవ్వడం నేర్చుకునే బయలుదేరతారు.

డెక్ మీద పొడవునా కట్టిన పట్టీకి నడుము పట్టీని తగిలించుకోకుండా ఎవరూ బయటికి రాకూడదు. రాత్రివేళ ఒంటరిగా డెక్ ముందుభాగానికి వెళ్లకూడదు. పెద్ద అలల్లో పడినవారి తల కొద్ది నిమిషాల్లోనే కనబడకుండా పోతుంది. ప్రాణాపాయంలో పడవ 406 మెగాహెర్ట్జ్ బీకన్ ద్వారా ఉపగ్రహాలకు సంకేతం పంపుతుంది. 2018 సెప్టెంబర్‌లో గోల్డెన్ గ్లోబ్ తెరచాప పడవల పోటీలో అభిలాష్ టామీ పడవ స్తంభం విరిగి, ఆయన వెన్నెముకకు గాయమైనప్పుడు, ఫ్రెంచ్ నౌక ఓసిరిస్ కొద్దిరోజుల్లో చేరుకుని ఆయనను రక్షించింది.

మరమ్మతు

కదులుతున్న పడవలో ప్రతిదీ అరుగుతుంది. చిరిగిన తెరచాపను కుట్టడం, ఒరిసిన మోకును మార్చడం, పంపు విప్పి శుభ్రం చేయడం, బిగువు సడలిన బోల్టులు చూడటం నిత్యకృత్యాలు. అవసరమైతే 25 మీటర్ల స్తంభం ఎక్కాలి. ఐశ్వర్య నౌకా నిర్మాణ విభాగపు అధికారిణి. గుల్ల, లోహాలు, బరువుల సమతుల్యం చదువుకున్నవారికి ఇలాంటి పడవలో చేతినిండా పని ఉంటుంది. ఫలానా పని తనది కాదనే మాట ఇక్కడ చెల్లదు. ఇంజిన్ తెలిసినవారు వండాలి, వండేవారు తెరచాప కుట్టాలి, అందరూ చుక్కాని పట్టాలి.

మనసు, పండుగలు

ఐదారు వారాలు అవే ముఖాలు, అదే నీరు. ఏకాంతం దొరకదు, ఒంటరితనం మాత్రం దొరుకుతుంది. అందుకే రోజుకు ఒక్కసారైనా అందరూ కలిసి తినే ఆనవాయితీ, పుస్తకాలు, పాటలు, పుట్టినరోజులు, భూమధ్యరేఖ దాటినప్పటి వేడుక ఎంతో విలువైనవి. 2017 దీపావళికి తారిణి హిందూ మహాసముద్రంలో ఉంది. పండుగ సందర్భంగా ప్రధానమంత్రి వీడియో కాల్‌లో బృందాన్ని పలకరించారు. తెలుగు ఇళ్లలో 2018 సంక్రాంతి జరుగుతున్న రోజుల్లో స్వాతి, ఐశ్వర్య హార్న్ అగ్రం వైపు సాగుతున్నారు. ఇంటి మీద బెంగను తగ్గించేది పనే అని దూరప్రయాణం చేసిన నావికులు చెబుతుంటారు. చేతిలో పని, పక్కన మనిషి ఉన్నంత వరకు భయం హద్దులో ఉంటుంది.

నేర్చుకునే దారి

తారిణి తొలి భూప్రదక్షిణ తర్వాత కూడా ఈ ప్రయత్నం ఆగలేదు. అదే పడవపై లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా, రూప ఇద్దరే 2024 అక్టోబర్ 2న బయలుదేరి, భూమిని చుట్టి 2025 మే 29న గోవా చేరారు.

మౌలాలి, నాచారం, ఉప్పల్ వాసులకు ఈ విద్య తొలి మెట్టు సుమారు 10 కిలోమీటర్ల దూరంలోని హుస్సేన్‌సాగర్‌లో ఉంది. సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ అక్కడ పనిచేస్తున్నాయి. యాట్ క్లబ్ పేదింటి పిల్లలకు, ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు కూడా శిక్షణ ఇచ్చింది. వర్షాకాలపు గాలుల్లో ఏటా జాతీయ స్థాయి పోటీలు జరుగుతాయి. కళాశాల విద్యార్థులకు ఎన్‌సీసీ నౌకా విభాగం మరో మార్గం. గాలి దిశ కనిపెట్టడం, తాడు ముడి వేయడం, బోల్తాపడిన పడవను నిలబెట్టడం చెరువులో నేర్చినా సముద్రంలో పనికొస్తాయి.

మహాసముద్రయానానికి అసాధారణమైన ధైర్యం కావాలన్న అభిప్రాయం చాలామంది ఆడపిల్లలను, వారి తల్లిదండ్రులను మొదట్లోనే వెనక్కి లాగుతోంది. తారిణి లాంటి పడవల దినచర్య చెప్పేది వేరు. వేళకు లేవడం, చెప్పిన పని చెప్పినట్టు చేయడం, నీరు పొదుపు చేయడం, తోటివారి నిద్రను గౌరవించడం వంటి అలవాట్లే ఆ పడవను భూమి చుట్టూ తీసుకెళ్లి ఇంటికి చేర్చాయి. ఈ అలవాట్లు ఏ ఊరి పిల్లలైనా నేర్చుకోగలరు. పాఠశాలలు, తల్లిదండ్రులు వారిని ఒక్కసారి నీటి దాకా తీసుకెళ్లాలి.